దలాలు లేకుండా ఇల్లు చూడబోయే ముందు

(షోలాపూర్‌లో జరిగిన సభ్యుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



బోనసు సంగతి, రెండో పాళీ బస్సు సంగతి ఇంతకుముందే మాట్లాడుకున్నాం. మిగిలిన సమయంలో ఇంటి విషయం మాట్లాడమని కార్యవర్గం నిర్ణయించింది. కారణం మీకు తెలుసు. సోమవారం పొద్దున యూనియన్ ఆఫీసు తెరిచేసరికి ఎవరో ఒకరు చేతిలో రంగుల కాగితం పట్టుకుని నిలబడి ఉంటున్నారు. "సెక్రటరీ సాబ్, నిన్న పోయి ఫ్లాటు చూసొచ్చినం. మంచిగుంది. ఇయ్యాల సాయంత్రం లోపల టోకెన్ ఇస్తే యాభై వేలు తగ్గిస్తరట. ఇయ్యమంటరా?" అని అడుగుతున్నారు.

ఇచ్చేది ఏ డబ్బు? ముప్పై ఏళ్లు పత్తి దుమ్ము పీల్చి కూడబెట్టిన పి.ఎఫ్., గ్రాట్యుటీ. లెక్క చూడండి. ఆఖరి జీతం నెలకు 18,000 రూపాయలైతే, 31 ఏళ్ల సర్వీసుకు గ్రాట్యుటీ సుమారు 3 లక్షల 22 వేలు. ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, నెలను 26 రోజులుగా లెక్కగట్టి ఇచ్చే మొత్తం అది. జీవితంలో ఒక్కసారే వస్తుంది. అది తప్పు చోట పడితే దాని కోసం సమ్మె చేయడానికి యాజమాన్యం కూడా ఎదురుగా ఉండదు.

దలాలు లేకుండా పోతే మంచిదేనా అని చాలామంది అడుగుతున్నారు. దలాలులందరూ దొంగలని మేము అనం. మన పేటల్లో నమ్మకంగా పనిచేసినవారు కూడా ఉన్నారు. కాని ఒకటి గమనించాలి. దలాలుకు డబ్బు దొరికేది బేరం కుదిరితేనే. బేరం తప్పిపోతే మీకు మేలు జరిగినా ఆయనకు పైసా రాదు. 26 లక్షల ఫ్లాటుకు రెండు శాతం ఇచ్చామనుకోండి, 52,000 రూపాయలు. మన పని మనం చేసుకుంటే ఆ డబ్బు వకీలు ఫీజుకు, కాగితాల నకళ్లకు సరిపోయి ఇంకా మిగులుతుంది. అయితే ఆ పని మనం నిజంగా చేయాలి. దలాలును వదిలేసి, ఆయన చేసే పనినీ వదిలేస్తే అన్యాయమైపోతాం.

దసరాకు ముందు, గుడి పాడ్వాకు ముందు బిల్డర్లు ఆదివారాలు సైటు తెరిచి పెడతారు. పందిరి వేస్తారు, చాయ్ ఇస్తారు, పిల్లలకు బుగ్గలు ఇస్తారు. ఎవరైనా లోపలికి పోయి చూడవచ్చు. పిలుపు, దలాలు ఏమీ అక్కరలేదు. మనం కొనకపోయినా నాలుగు చోట్లకు పోయి చూడడం మంచిదే. నాలుగు ఇళ్లు చూసినవాడికి అయిదో ఇంటి లోపం తొందరగా కనిపిస్తుంది.

అక్కడ చక్కగా ఇస్త్రీ చొక్కా వేసుకున్న పిల్లవాడు ఎదురొచ్చి "రండి కాకా, కూర్చోండి" అంటాడు. ఎంత మర్యాదస్థుడైనా అతను బిల్డరు మనిషి. అతని జీతం మీ సంతకం మీద ఆధారపడి ఉంది. మనకూ వాళ్లకూ జరిగేది కూడా ఒక బేరసారమే. వేతన ఒప్పందం రోజున మన ఆఖరి అంకె ముందే చెప్పి కూర్చుంటామా? ఇక్కడ మాత్రం మనవాళ్లు చాయ్ తాగుతూనే అంతా చెప్పేస్తున్నారు. ఎప్పుడు రిటైరయ్యారో, పి.ఎఫ్. ఎంత వచ్చిందో, ఇప్పుడున్న ఇల్లు ఏ నెలలో ఖాళీ చేయాలో. "మీ బడ్జెట్ ఎంత?" అని అడిగితే, "ముందు చూడనివ్వండి, ఇంకా రెండు చోట్ల చూడాల్సి ఉంది" అంటే సరిపోతుంది. రిజిస్టరులో పేరు రాయమంటే రాయండి. ఫోన్ నంబరు రాస్తే మాత్రం మూడో పాళీ చేసి పడుకున్నప్పుడు మధ్యాహ్నం పదిసార్లు మోగుతుంది. అది మీ ఇష్టం.

ఇక సాంపుల్ ఫ్లాటు. ఫోల్డింగ్ ఖాతాలో పనిచేసినవాళ్లకు దీన్ని ఎక్కువ వివరించనక్కర లేదు. టేబుల్ మీద పరిచిన బట్ట ఎప్పుడూ అందంగానే ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టినప్పుడే తెగిన పోగు బయటపడుతుంది. సాంపుల్ ఫ్లాటును కూడా అలాగే చూడాలి. మేము చూసిన కొన్నింటిలో గదులకు తలుపులే లేవు. తలుపు తెరిస్తే ఎంత జాగా తింటుందో మనకు తెలియకూడదని అలా చేస్తారు. ఒక గోడకు నిలువెత్తు అద్దం పెట్టారు, గది రెండింతలు కనిపిస్తుంది. మంచం చూస్తే పొడవు అయిదడుగులు. ఆ మంచం మీద మన కార్యవర్గ సభ్యుడొకాయన పడుకుని చూపించాడు, కాళ్లు బయటికి వచ్చాయి. అందరూ నవ్వారు, ఆ ఇస్త్రీ చొక్కా పిల్లవాడు కూడా నవ్వాడు.

కాబట్టి టేపు తీసుకుపోండి. కొలవడానికి సిగ్గుపడవద్దు. మా చేత కొలిపించిన ఒక లెక్క చెబుతాం. కాగితం మీద 650 చదరపు అడుగులని ఉంది. హాలు 10 బై 14, అంటే 140. పడక గది 10 బై 10, అంటే 100. వంటిల్లు 8 బై 8, అంటే 64. స్నానాల గది 28, పాయిఖానా 12, మధ్య నడవ 24. అన్నీ కలిపితే 368. లోపలి అడ్డుగోడల మందం ఇంకో 12 వేసుకుంటే 380. చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా అంటే ఇదే. లోపలి అడ్డుగోడలు అందులో చేరతాయి. బయటి గోడలు, బాల్కనీ, పైన ఖాళీ టెర్రేసు చేరవు. ధర 26 లక్షలు. వాళ్ల 650తో భాగిస్తే అడుగు 4,000 పడుతుంది, చౌకగా కనిపిస్తుంది. మన 380తో భాగిస్తే అడుగు 6,842 రూపాయలు. నాలుగు చోట్ల ధరలు పోల్చేటప్పుడు ఈ రెండో అంకెనే పోల్చాలి. ఒకడు సూపర్ బిల్ట్ అప్ అంటాడు, ఇంకొకడు సేలబుల్ అంటాడు. ఆ మాటలు పక్కన పెట్టి కార్పెట్ ఎంత అని అడగండి. బిల్డరు దాన్ని కాగితం మీద చెప్పి తీరాలి.

ఇంటావిడ లేకుండా ఇల్లు చూడవద్దు. మనం హాలు చూసి, టి.వి. ఎక్కడ పెట్టాలో చూసి తిరిగొస్తాం. ఏళ్ల తరబడి నాలుగైదు రోజులకొకసారి నల్లా వచ్చిన ఊరు మనది. వంటింట్లో డ్రమ్ములు ఎక్కడ పెట్టాలి, పై ట్యాంకుకు నీళ్లు ఎక్కించే మోటారు ఎవరి కరెంటు మీద నడుస్తుంది, బోరు వేసవిలో ఎండిపోతుందా, ఇవన్నీ ఆడవాళ్లు అడిగే ప్రశ్నలు. మన ఇళ్లలో బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లు చాలామంది ఉన్నారు. చాట ముందు పెట్టుకుని పగలంతా కూర్చునే చోటికి కిటికీ వెలుతురు కావాలి, లేకపోతే కళ్లు పోతాయి. సాంపుల్ ఫ్లాటులో పగలే ఇరవై లైట్లు వెలుగుతుంటాయి. అవి ఆర్పమని అడగండి.

ఇల్లు నచ్చితే రెండోసారి పోండి, చెప్పకుండా పోండి. అది ఆదివారం కాకుండా చూసుకోండి. మన తూర్పు పేటల్లో ఇంటి గోడ పక్కనే సాంచాల కార్ఖానా ఉండడం మామూలే. కార్ఖానా ఆగిన రోజు ఇల్లు చూస్తే గుడిలా ప్రశాంతంగా ఉంటుంది. సాంచాలు నడుస్తున్నప్పుడు పోయి గోడకు చెయ్యి ఆనించి చూడండి, అదురు తెలుస్తుంది. పాత ఇల్లయితే కిటికీ మూలల నుండి ఏటవాలుగా పోయిన పగుళ్లు చూడండి. కొత్తగా సున్నం వేసి ఉంటే, అది ఒక్క గోడకే ఎందుకు వేశారో అడగండి. రంగుల కార్ఖానా నీళ్లు ఏ వైపు పారుతున్నాయో చూడండి. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు పై అంతస్తులో పది నిమిషాలు నిలబడండి. మూడో పాళీ చేసేవాడు పడుకునే వేళ అదే. వాన పడిన మర్నాడు పోతే కప్పు సంగతి తెలుస్తుంది. ఎదురింటి గడపలో కూర్చున్న ముసలమ్మను పలకరిస్తే మిగతా సంగతులన్నీ ఆమే చెబుతుంది. ఏ దలాలూ చెప్పని విషయాలు అవి.

లిఫ్టు, తోట, గేటు దగ్గర వాచ్‌మన్ గురించి మేము ఎక్కువ చెప్పం. ఒక్క మాట. ఖాళీ జాగాలోని పార్కింగు అందరి ఉమ్మడి ఆస్తి. దాన్ని మీకు విడిగా లక్షకో రెండు లక్షలకో అమ్మడానికి బిల్డరుకు హక్కు లేదు.

ఇప్పుడు కాగితాల దగ్గరికి వద్దాం. 2016లో పార్లమెంటు రెరా చట్టం చేసింది. 2017 మే 1 నుండి మన రాష్ట్రంలో మహారెరా పనిచేస్తోంది. 500 చదరపు మీటర్లు మించిన జాగాలో, ఎనిమిది మించిన ఫ్లాట్లు కట్టే ప్రాజెక్టు అయితే అక్కడ రిజిస్టరు కాకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. ప్రాజెక్టు నంబరు పి అక్షరంతో మొదలవుతుంది, దలాలు నంబరు ఏ అక్షరంతో. 2023 ఆగస్టు 1 నుండి ప్రకటన కాగితం మీద క్యూ.ఆర్. కోడ్ ఉండి తీరాలి. మీ పిల్లల ఫోనుతో దాన్ని చూస్తే, ఎప్పటిలోగా పూర్తి చేస్తామని బిల్డరు రాసిచ్చాడో, ఎన్ని అంతస్తులకు మంజూరు ఉందో, కోర్టు కేసులేమున్నాయో కనిపిస్తాయి. సైటు దగ్గర "వచ్చే దీపావళికి తాళం చెవి" అంటాడు. వెబ్‌సైటులో రెండేళ్ల తర్వాతి తేదీ ఉంటుంది. ఏది నమ్మాలో వేరే చెప్పాలా?

ఆ చట్టంలో మూడు సంగతులు నోటికి వచ్చేలా గుర్తుంచుకోండి. మొదటిది, రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా ధరలో పది శాతం మించి తీసుకోకూడదు. 26 లక్షల ఫ్లాటుకు 2 లక్షల 60 వేలు. అంతకంటే ఒక్క రూపాయి అడిగినా ముందు అగ్రిమెంటు రిజిస్టరు చేయమనండి. రెండోది, సాంపుల్ ఫ్లాటు చూపించో, కాగితంలో తప్పు రాసో నమ్మించి డబ్బు తీసుకుంటే, కొన్నవాడికి నష్టపరిహారం ఇవ్వాలి. ఆయన తప్పుకుంటానంటే వడ్డీతో సహా వాపసు చేయాలి. అందుకే ఆ రంగుల కాగితం పారేయవద్దు, సాంపుల్ ఫ్లాటును ఫోనులో ఫోటో తీసి ఉంచండి. మూడోది, ఇల్లు చేతికొచ్చిన అయిదేళ్ల లోపల కట్టడంలో లోపం బయటపడితే బిల్డరు తన ఖర్చుతో బాగుచేయాలి. ఇది కేంద్ర చట్టం గనుక భివండి, ఇచల్‌కరంజి సోదరులకే కాదు, సేలం, బళ్లారి వైపు ఈ పత్రిక చదివే సోదరులకూ ఈ మూడూ వర్తిస్తాయి. సాత్ బారా వంటి కాగితాల పేర్లు మాత్రం రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి.

మన సందుల్లో కట్టే మూడంతస్తుల చిన్న ఇళ్లు చాలావరకు ఈ రిజిస్ట్రేషన్ కిందికి రావు. అక్కడ రెరా నంబరు ఉండదు. అలాంటి చోట కాగితాలు ఇంకా గట్టిగా చూసుకోవాలి. జాగాకు సాత్ బారా గాని, సిటీ సర్వే ప్రాపర్టీ కార్డు గాని తీయించండి. అమ్మేవాడు ఇచ్చిన జెరాక్సు పనికిరాదు, మీరే కొత్త నకలు తీసుకోండి. సాత్ బారాలో ఇతర హక్కులు అనే భాగం ఉంటుంది. బ్యాంకు బోజా, వారసుల పేర్లు అక్కడే దాగి ఉంటాయి. ఇండెక్స్ టూ చూస్తే ఆ ఆస్తి ఎవరి నుండి ఎవరికి పోయిందో తెలుస్తుంది. మహానగర పాలిక ఇచ్చిన బాంధ్‌కామ్ పర్వానా, ఇల్లు పూర్తయితే భోగవటా పత్రం, పన్ను రసీదు, కరెంటు బిల్లు చూడండి. అన్నీ తీసుకుపోయి మీకు తెలిసిన వకీలు చేత ముప్పై ఏళ్ల సర్చి రిపోర్టు రాయించండి. బిల్డరు చూపించిన వకీలు వద్దు.

గుంఠేవారి జాగాల గురించి కొంచెం సేపు మాట్లాడక తప్పదు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతిన్నది అక్కడే. ఒక గుంఠ అంటే 1,089 చదరపు అడుగులు. వ్యవసాయ భూమిని గుంఠ, అర గుంఠ చొప్పున ముక్కలు చేసి, ఎన్.ఎ. కాకుండానే నోటరీ కాగితం మీద అమ్మేశారు. వీటిని క్రమబద్ధం చేయడానికి 2001లో రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసింది. ఆ చట్టం కింద దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, ఆర్డరు తెచ్చుకున్న జాగా వేరు. "అవుతుంది కాకా, అందరికీ అవుతున్నది" అని నోటితో చెప్పిన జాగా వేరు. ఆర్డరు కాగితం చూపించమనండి.

వైండింగ్ ఖాతాలో ముప్పై ఏళ్లు చేసిన మన సభ్యుడొకాయన ఉన్నారు. పేరు చెప్పం, ఈ సభలోనే కూర్చున్నారు, చెప్పమని ఆయనే మమ్మల్ని కోరారు. రిటైరవగానే అక్కల్‌కోట్ రోడ్డు అవతల గుంఠ జాగా, మీద రెండు రేకుల గదులు కొన్నారు. మధ్యలో దలాలు లేడు, అమ్మినవాడు తెలిసిన మనిషే. గదులు చూశారు, నీళ్లు చూశారు, బస్సు స్టాపు దూరం అడుగులు వేసి కొలిచారు. కాగితం మాత్రం నోటరీ స్టాంపు కాగితం. డబ్బంతా నగదుగా ఇచ్చారు. ఆరేళ్ల తర్వాత అదే జాగాకు రిజిస్టరు అయిన ఖరీదు కాగితం పట్టుకుని ఇంకొకరు వచ్చారు. నోటరీ ముద్ర ఎంత పెద్దదైనా దానితో యాజమాన్యం మారదు. నూరు రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమూ, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమూ చెబుతున్నాయి. అమ్మకపు కరారు, ముఖ్తార్‌నామా, వీలునామా కలిపి పెట్టుకున్నా ఆస్తి చేతులు మారదని 2011లో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది. ఆయన ఇప్పుడు కోడలి బీడీల సంపాదన మీద అద్దె కడుతున్నారు. కేసు నడుస్తోంది, యూనియన్ వకీలు చూస్తున్నారు. గెలుస్తామని మేము మాట ఇవ్వలేదు. నగదుగా ఇచ్చిన డబ్బుకు రసీదు కూడా లేదు.

డబ్బు ఎప్పుడు ఇచ్చినా చెక్కు మీదో బ్యాంకు ద్వారానో ఇవ్వండి. టోకెన్ అయిదు వేలైనా సరే, రసీదు మీద ఫ్లాటు నంబరు, మొత్తం ధర, బేరం తప్పితే ఎన్ని రోజుల్లో వాపసు ఇస్తారో రాయించుకోండి. రాయనంటే టోకెన్ ఇవ్వకండి. యాభై వేలు తగ్గింపు ఈ సాయంత్రంతో అయిపోతుందంటారు గదా, మేము వచ్చే ఆదివారం మళ్లీ పోయి చూశాం, అదే బ్యానరు కట్టి ఉంది.

ఇంటిని ఇంటావిడ పేరున రిజిస్టరు చేయిస్తే మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ ఒక శాతం తగ్గుతుంది. 2021 నుండి ఉన్న సౌకర్యం. 26 లక్షల మీద 26,000 రూపాయలు. అక్కచెల్లెళ్లు ఈ మాటకు చప్పట్లు కొడుతున్నారు, మగవాళ్లు కొట్టడం లేదు!

ఒంటరిగా ఎందుకు, అందరం కలిసి కట్టించుకోలేమా అని యువ సభ్యులు అడిగారు. ఈ ఊరిలో అది జరిగిన పనే. కుంభారిలో బీడీ కార్మికులకు గోదుతాయి పరుళేకర్ పేరుతో 10,000 ఇళ్లు కట్టించారు. తర్వాత రేనగర్‌లో 30,000 ఇళ్ల పథకం మొదలైంది, అందులో 15,000 ఇళ్లు 2024 జనవరి 19న ఇచ్చారు. దాని వెనుక ఎన్ని ఏళ్ల మోర్చాలు ఉన్నాయో మీలో నడిచినవాళ్లకు తెలుసు. మన మిల్లు కార్మికులకూ అలాంటి సంఘం పెట్టే మాట కార్యవర్గం ముందు ఉంది, వేరే సమావేశంలో చర్చిద్దాం. ఈ ఏడు రిటైరయ్యేవాళ్లు అంతదాకా ఆగలేరు గనుక ఇవాళ ఈ మాటలు చెప్పాల్సి వచ్చింది.

వచ్చే ఆదివారం ఇద్దరు సభ్యుల కోసం ఇళ్లు చూడడానికి మేము బయలుదేరుతున్నాం. పొద్దున తొమ్మిదికి యూనియన్ ఆఫీసు దగ్గరికి రండి. మొదటి పాళీ ఉన్నవాళ్లు మూడున్నర తర్వాత సైటు దగ్గర కలవవచ్చు. ముప్పై అడుగుల టేపు ఆఫీసులో ఉంది, ఎవరికి కావాలన్నా పుస్తకంలో సంతకం చేసి తీసుకుపోవచ్చు. పోయిన నెల తీసుకుపోయినాయన ఇంకా తిరిగి ఇవ్వలేదు, ఆయన కూడా ఈ సభలోనే ఉన్నారు.